కుంజరః అని మెల్లగా

చివరి మాత్ర వేసుకుని మూడు నెలలైంది. భయం తీరింది కాబట్టి జబ్బు పేరు ముందే చెబుతాను. క్షయ. ఆరు నెలలపాటు మా ఇంట్లో దాని పేరు 'నిమ్ము'.

అమ్మ ఎంచుకున్న ఆ మాట పూర్తి అబద్ధమూ కాదు. ఊపిరితిత్తులకు ఏం వచ్చినా నిమ్ము చేసిందనే అంటాం. వినేవాళ్లు న్యుమోనియా అనుకుని, నాలుగు రోజుల్లో తగ్గేదేగా అని ఊరుకుంటారు. ధర్మరాజు చేసిందీ ఇదే. భీముడు అశ్వత్థామ అనే ఏనుగును చంపాక, ధర్మరాజు ద్రోణుడికి వినబడేలా "అశ్వత్థామ హతః" అన్నాడు, "కుంజరః", అంటే ఏనుగు, అని లోలోపల గొణిగాడు. అంతవరకూ నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన ఆయన రథం ఆ మాటతో నేలను తాకింది. ఈ కథ చిన్నప్పుడు నాకు చెప్పింది అమ్మే. సాహిత్యం చదువుతున్నాను గనక పరీక్షల్లో దీని మీద పేజీలకు పేజీలు రాశాను. అన్నిసార్లూ ధర్మరాజు ధర్మసంకటం గురించే. ఆ సగం మాట నమ్మి ఆయుధం కింద పెట్టినవాడి గురించి ఒక్క వాక్యం రాయలేదు.

దగ్గు మొదలైన ఐదు వారాల వరకు నాకు ఎవరూ కళ్లె పరీక్ష చేయించలేదు. ఈ కోపం ఇంకా పోలేదు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట సన్నని జ్వరం, రాత్రి చెమటలు, 54 కిలోల నుంచి 47కు పడిన బరువు. ఇంతకన్నా ఏం కావాలి? మొదట చూసిన డాక్టరు దగ్గు మందు ఇచ్చి, తర్వాత లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. ఆ రకం మందులు క్షయ క్రిములను కొన్నాళ్లు అణచిపెడతాయి, జబ్బు బయటపడడం ఆలస్యమవుతుంది. నాకూ వారం రోజులు హాయిగా అనిపించింది. రోగికి మిత్రుడెవరని యక్షుడు అడిగితే వైద్యుడని ధర్మరాజు జవాబిచ్చాడు. ఆ వారం నేనూ అలాగే నమ్మాను.

సెలవులకు ఇంటికి వచ్చిన నాలుగో రాత్రి, రెండు గంటలప్పుడు దగ్గుతో పాటు నోట్లోకి వెచ్చగా, ఉప్పగా వచ్చింది. లైటు వేస్తే దిండు మీద ఎర్రగా నురగ. కడుపులోంచి వచ్చే రక్తం మామూలుగా నల్లగా, కాఫీ పొడిలా ఉంటుంది. ఊపిరితిత్తులది ఎర్రగా, నురగతో ఉంటుంది. ఆ తేడా అప్పుడు తెలియదు. నాన్న నన్ను వెల్లకిలా పడుకోబెట్టబోయారు. అలా పడుకుంటే ఊపిరాడక నేనే లేచి కూర్చున్నాను. అదే మంచిదైంది. వెల్లకిలా పడుకుంటే రక్తం బాగున్న ఊపిరితిత్తిలోకి కూడా జారుతుంది. కూర్చోవాలి, లేదంటే జబ్బు ఉన్న వైపుకు ఒరిగి పడుకోవాలి. రక్తం మింగకూడదు, గ్లాసులో ఉమ్మాలి. ఎంత పోయిందన్నదే డాక్టర్లు మొదట అడుగుతారు. నాన్న పట్టుకున్న గ్లాసు సగం నిండింది. ఆయన చెయ్యి వణకడం వల్ల గ్లాసు అంచు నా పళ్లకు టకటకా తగిలేది. ఆ చప్పుడు ఇప్పటికీ వినబడుతుంది.

ఎమర్జెన్సీలో ఉన్న డాక్టరు గ్లాసు చూసి, నా మీదుగా నాన్నతో, "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారండీ?" అన్నారు. ఇన్నాళ్లూ నన్ను డాక్టర్ల చుట్టూ తిప్పింది ఆయనే. మందుల చీటీలన్నీ ఆయన జేబులోనే ఉన్నాయి, ఒక్కటీ బయటకు తియ్యలేదు. తల దించుకున్నారు. ఆ మాటకు నేను ఆ డాక్టరును క్షమించలేదు. తెల్లవారేలోగా ఎక్స్‌రే తీయించి, కళ్లె పరీక్షకు పంపి, నన్ను బతికించింది కూడా ఆయనే. ఈ రెండూ నాలో ఇంకా కలవలేదు.

కళ్లె ఇవ్వడం ఒక పని. నీళ్లతో నోరు పుక్కిలించి, గాలి బాగా ఆడేచోట నిలబడి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి లోపలి నుంచి దగ్గాలి. ఉమ్మి ఇస్తే జబ్బున్నా లేదని వచ్చే ప్రమాదముంది.

తర్వాత మాత్రలు. రెండు నెలలు నాలుగు రకాల మందు, ఆపైన నాలుగు నెలలు తక్కువ రకాలు. మొత్తం 168 రోజుల మోతాదులు. పరగడుపున వేసుకోవాలి. వాటిలో ఒకటైన రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులోకి మారుతుంది, దానికి భయం అక్కర్లేదు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, ఎరుపు ఆకుపచ్చల తేడా మసకబారినా ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. అరికాళ్లు తిమ్మిరెక్కకుండా బి6 మాత్ర కూడా ఇస్తారు. మూడో నెలలో బరువు పెరిగి, దగ్గు పోయి, ఇక చాలనిపిస్తుంది. అక్కడే చాలామంది దెబ్బతింటారు. ఈ క్రిమి రెండింతలు కావడానికి దాదాపు 20 గంటలు పడుతుంది. నిద్రపోతున్నట్టు పడి ఉన్నవి మందుకు త్వరగా చావవు. మధ్యలో మానేస్తే మిగిలినవి మళ్లీ లేస్తాయి, మందుకు లొంగనివిగా మారే ప్రమాదమూ ఉంది.

ఇంట్లో నా కంచం, గ్లాసు వేరు చేశారు. కిటికీలు మాత్రం, చలిగాలి తగులుతుందని మూసేశారు. చెయ్యాల్సింది సరిగ్గా దీనికి తిరగేసి. క్షయ కంచాల వల్ల రాదు, దగ్గినప్పుడు గాలిలో కలిసిన తుంపర్ల వల్ల వస్తుంది. కిటికీలు తెరవాలి, మాస్కు పెట్టుకోవాలి. మందు సరిగ్గా పనిచేస్తుంటే రెండు మూడు వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గుతుంది. కంచం వేరు చేసినందుకు నేను ఏడ్చాను. కానీ రాత్రంతా నా ఊపిరి లెక్కపెడుతూ ఆ మూసిన గదిలోనే అమ్మ పడుకుంది.

హాస్టల్లో నా గదిలో మరో ఇద్దరు. ఐదు వారాలు ముగ్గురం ఒకే గాలి పీల్చాం. "నిమ్మని చెప్పు చాలు, చదువయ్యాక నిన్నెవరు దగ్గరికి రానిస్తారు?" అంది అమ్మ. పదకొండు రోజులు అలాగే చెప్పాను. పన్నెండో రోజు ఫోన్ చేసి పేరు చెప్పాను. ఒకరు చాలాసేపు మాట్లాడకుండా ఉండి, "ఏ పరీక్ష చేయించుకోవాలి?" అని అడిగారు. ఎక్స్‌రే బాగానే ఉంది, జబ్బు లేదని తేలాక, లోపల దాగి ఉన్న క్రిమి లేవకుండా వారానికొకటి చొప్పున పన్నెండు మోతాదులు వేసుకున్నారు. ఇంకొకరు నాతో మాట్లాడడం మానేశారు. ఆ పదకొండు రోజులకు నా దగ్గర జవాబు లేదు.

అమ్మతో ఈ సంగతి చాలా రోజులు నడిచింది. ధర్మరాజు పేరు ఎత్తితే కసురుకునేది. మొన్న ఎవరో ఫోన్లో నెల రోజులుగా దగ్గని చెబుతుంటే వంటింట్లోంచి అమ్మ గొంతు గట్టిగా వినబడింది. "నిమ్మనుకుని ఊరుకోకు వదినా. మా ఇంట్లో అలాగే అన్నాం, క్షయ అది. కళ్లె పరీక్ష చేయించు. ముందు నోరు పుక్కిలించు, ఉమ్మి ఇస్తే తెలీదు."