ఎడమ మూల అరిగిన చెక్క గరిటె

మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు, ఒక సాయంత్రం పొయ్యి ముందు స్టూలు వేసుకుని ఎక్కి, ఉడుకుతున్న టమాటా పప్పులోంచి చెక్క గరిటెతో కొంచెం తీసి, ఉఫ్ఫుమని ఊది, గరిటె అంచును నాకి, అదే గరిటెను మళ్లీ గిన్నెలో ముంచింది. "ఎంగిలి!" అని నేను అరిచిన అరుపుకు స్టూలు మీదే బిక్కచచ్చిపోయింది. ఆ మాట తను అంతకుముందు విననిది కాదు; నా గొంతులో అంత కటువుగా వినడం మాత్రం అదే మొదలు. మేము స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఉంటున్నాం, మా అమ్మాయి పుట్టింది కూడా ఇక్కడే. ఒక్కో బిడ్డకు ఈ దేశం ఇచ్చే 480 రోజుల సెలవును తల్లీ తండ్రీ పంచుకోవచ్చు కాబట్టి, నా భార్య తిరిగి ఉద్యోగంలో చేరాక ఏడు నెలలు నేనే ఇంట్లో ఉండి పాపను చూసుకున్నాను; వంట నేర్చుకున్నదీ అప్పుడే. వంటతో పాటు మా అమ్మ వంటింటి కట్టుబాట్లు కూడా చెప్పాపెట్టకుండా నాలో చేరిపోయాయని ఆ అరుపుతో తెలిసింది.

అరిచినవాడు కారణం చెప్పాలి కదా. ఎంగిలి అన్న మాటకు స్వీడిష్‌లో సరిపోయే మాట నాకు దొరకలేదు, అందుకని సులువైన దారి పట్టి, నోటిలోని క్రిములు కూరలోకి పోతాయని చెప్పాను. రెండేళ్ల పాటు ఆ సమాధానం చెల్లింది. ఎనిమిదేళ్లు వచ్చాక ఒకరోజు, "పప్పు మరుగుతూనే ఉంది కదా నాన్నా, మరిగే నీళ్లలో క్రిములు చచ్చిపోతాయని మా టీచరు చెప్పింది, మరి గరిటె నాకితే ఏమైంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఎంగిలి అనేది క్రిముల లెక్క కాదు. చల్లారిన కంచంలో నేను వదిలేసిన ముద్దను మా అమ్మ ఏ సంకోచమూ లేకుండా తినేది. అదే నేను నీళ్లచెంబును పెదవికి ఆనిస్తే, ఆ చెంబు కడిగేదాకా ఊరుకునేది కాదు. రాముడు శబరి ఎంగిలి పళ్లు తిన్నాడని కళ్లు తుడుచుకుంటూ కథ చెప్పే ఇంట్లోనే, కొరికిన జామకాయను పక్కింటి పిల్లాడికి ఇస్తే వీపు మోగేది. ఎవరిది ఎవరు తినవచ్చు, ఎప్పుడు తినవచ్చు అనే ఈ లెక్కలో సగం ప్రేమ, సగం హద్దు ఉన్నాయి. మరో సగం ఎవరి ఇంట ఎవరు తినకూడదన్న పాత పట్టింపుల నుంచి వచ్చిందని కూడా దాచడం ఎందుకు. (మూడు సగాలయ్యాయి. ఆ మాట తత్వమే అంత.) ఇదంతా ఎనిమిదేళ్ల పిల్లకు చెప్పలేక, "నానమ్మ అలా చేయదు" అని ముగించాను. అది ఓడిపోయిన తండ్రి చెప్పే సమాధానమని నాకు తెలుసు.

మరి నానమ్మ ఉప్పు ఎలా చూసేది? కుడిచేత్తో గరిటె ఎత్తి, ఆవిరి పోయేదాకా ఒక్క క్షణం ఆగి, మూలలోంచి రెండే చుక్కలు ఎడమ అరచేతిలోకి వంచి, ఆ చుక్కల్ని నాలుకతో అందుకుని, చెయ్యి కడుక్కునేది. గరిటె నోటి దాకా వచ్చేదే కాదు. చూడటానికి ఏమీ లేని ఆ పనికి గరిటె ఆకారం కుదరాలన్న సంగతి నేను స్వయంగా వండటం మొదలుపెట్టాకే తెలిసింది. లోతైన స్టీలు గరిటెను వంచితే చుక్క రాదు, ధార వస్తుంది, చెయ్యి కాలుతుంది. పూర్తిగా చదునైన తెడ్డుతో తీస్తే పులుసు దారిలోనే జారిపోతుంది. గుంట పిసరంత ఉండాలి, అంచు పలచగా ఉండాలి, చుక్క జారడానికి ఒక మూల ఉండాలి. మా అమ్మ చెక్క గరిటెకు ఆ మూల ఎవరూ చెక్కలేదు. నలభై ఏళ్లు గిన్నె అడుగును గీకీ గీకీ, కుడిచేతి వాటం మనిషి తిప్పే గరిటె ఎటు అరగాలో అటే, అంటే ఎడమ వైపు మూల అరిగి, వాలు తేలింది.

ఆ గరిటె ఉదయగిరిది. మాది నెల్లూరు జిల్లా కాబట్టి అది మాకు వింత వస్తువు కాదు. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట ఉన్న ఊరిగా అందరికీ తెలిసిన ఉదయగిరిలో, ఆ దుర్గం కొండల మీద దొరికే నర్ది, బిక్కి వంటి కర్రలతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కే కుటుంబాలు ఉన్నాయి. ఆ చెక్క వస్తువులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా కాడల మీద నగిషీలు చెక్కిన సన్నని చెంచాలను అలంకారానికి కొంటున్నారు. మా అమ్మది నగిషీ లేని మోటు గరిటె. నేను ఈ దేశానికి వచ్చేటప్పుడు ఆవకాయ జాడీకీ స్వెట్టర్లకూ మధ్య పెట్టి పంపింది. తొలి చలికాలంలోనే నేను దాన్ని డిష్‌వాషర్‌లో వేశాను. గంటన్నర సేపు వేడినీళ్లు, ఆ పైన వేడిగాలి; తెల్లవారి తలుపు తీస్తే గుంట నడిమధ్య నుంచి కాడ దాకా చీలిక. మంచి మనసుతో వస్తువులను పాడుచేయడంలో నాకు సాటి లేదు. పారేయలేక దాన్ని గోడకు తగిలించాను.

తర్వాత కొత్తది వెతకడం మొదలైంది. ఇక్కడి దుకాణాల్లో దొరికేవి ఎక్కువగా బీచ్ చెక్కవి. గట్టివే, కానీ గుంట గుండ్రంగా, అంచు మందంగా ఉంటుంది. ఊళ్లో మా మూకుడు అడుగు గుండ్రన కాబట్టి గుండ్రని గరిటె దాని వంపులో ఒదిగేది. ఇక్కడ మా ఇంట్లో ఉన్నది ఇండక్షన్ పొయ్యి. దాని మీద అల్యూమినియం మూకుడు వేడెక్కనే వేడెక్కదు, అయస్కాంతం అంటుకునే అడుగు, అదీ చదునుగా ఉన్నదే పనికొస్తుంది. చదును అడుగు గిన్నెలో గుండ్రని గరిటె తిప్పితే, అడుగూ గోడా కలిసే మూలలో పప్పు అలాగే ఉండిపోయి మాడుతుంది. నాన్‌స్టిక్ పెనం మీద స్టీలు గరిటె వాడితే పూత లేచిపోతుంది, ప్లాస్టిక్‌దైతే మరిగే నూనెలో మెత్తబడుతుంది. కాబట్టి చెక్కదే కావాలి, అంచు చదునుగా ఉండాలి, ఒక మూల వాలుగా ఉండాలి. చెక్క శుభ్రమైనది కాదేమోనని నా భార్యకు కొంతకాలం అనుమానం ఉండేది. అమెరికాలో డీన్ క్లైవర్ బృందం కూరగాయలు కోసే పలకల మీద చేసి 1994లో ప్రచురించిన పరిశోధనలో, చెక్క మీద వేసిన బ్యాక్టీరియా చెక్కలోకి ఇంకిపోయి కాసేపటికి పైన దొరకకుండా పోతే, ప్లాస్టిక్ మీద నిలిచే ఉందని చదివి వినిపించాను. గరిటె పలక కాదు కదా అంది. ఆ మాటా నిజమే. కడిగి ఆరబెట్టడం మా ఇద్దరి ఉమ్మడి షరతుగా ఒప్పుకున్నాం.

చివరికి ఒక దుకాణంలో, అంచు ఏటవాలుగా కోసిన ఆలివ్ చెక్క గరిటె దొరికింది. నాకు బాగా కుదిరింది. మా అమ్మాయికి కుదరలేదు. తను ఎడమచేతి వాటం పిల్ల. ఆ గరిటె వాలు కుడిచేతి వాళ్ల కోసం కోసినది. ఎడమచేత్తో పట్టుకుంటే అంచు గిన్నె అడుగున పరుచుకోదు, ఒక కొన మాత్రం గుచ్చుకుంటూ తిరుగుతుంది. చుక్క వంచబోతే జారాల్సిన మూల అవతలి పక్కన ఉంటుంది. "అందుకే కదా నేను నాకేది," అంది, అదేదో నా తప్పు అయినట్టు. ఆలోచిస్తే కొంత నా తప్పే. ఏళ్ల తరబడి నేను దాని అలవాటును సరిదిద్దాలని చూశానే గాని, దాని చేతిలో ఏ గరిటె పెట్టానో చూడలేదు.

ఇక్కడి బడుల్లో స్లోయ్ద్ అని ఒక పాఠ్యాంశం ఉంది. చెక్కపని, లోహపని, కుట్టుపని కలిసిన చేతిపనుల చదువు. 1870లలో ఒట్టో సాలమన్ ఈ పని నేర్పే ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టిన నాస్ అనే ఎస్టేటు మా నగరానికి ఎంతో దూరం కాదు. 1955 నుంచి ఆడపిల్లలకూ మగపిల్లలకూ అందరికీ ఇది తప్పనిసరి. ఆరో తరగతిలో మా అమ్మాయి, ఏం చేస్తావని అడిగిన టీచరుకు, ఎడమచేతి వాళ్లు పప్పు తిప్పే గరిటె అని రాసిచ్చిందట. ఇంట్లో గోడకున్న చీలిన గరిటెను దింపి, కాగితం మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీసి, ఆ కాగితాన్ని వెనక్కి తిప్పి వెలుతురుకు పెట్టి చూసింది. ఎడమ మూల అరుగుదల కుడి మూలకు వచ్చింది. నలభై ఏళ్లలో మా అమ్మ చేతికి వచ్చిన వాలును మనవరాలు అద్దంలో చూసినట్టు తిప్పి గీసుకుంది.

పచ్చి బిర్చ్ కర్ర తెచ్చుకుని చెక్కారు. పచ్చిదైతే కత్తికి వెన్నలా తెగుతుంది, కానీ తొందరగా ఆరితే బీటలు వారుతుంది. అందుకే సగం చెక్కిన గరిటెను దాని చెక్కపొట్టుతో సహా కాగితం సంచిలో మూసి, నెమ్మదిగా ఆరనిచ్చారు. గుంట తవ్వడానికి కొన వంగిన వేరే కత్తి ఉంటుందట. బొటనవేలికి ప్లాస్టరు వేసుకుని వచ్చిన రోజు నేను కంగారు పడితే, తను దాన్ని గర్వంగా చూపించింది. చివర అవిసె నూనె పట్టించారు. ఆ నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి పారేస్తే దానంతటదే వేడెక్కి అంటుకోగలదని, నీళ్లలో తడిపి గాని పడేయకూడదని టీచరు చెప్పిన మాటను ఇంటికొచ్చి మాకు మూడుసార్లు చెప్పింది. తెల్లని గరిటె మొదటి టమాటా పప్పుకే పసుపుపచ్చగా మారితే ఏడుపు మొహం పెట్టింది. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుందని చెప్పి కిటికీలో పెట్టించాను గాని, అది డిసెంబరు. పగలు ఆరున్నర గంటలు, అందులో ఎండ ఎంతో దేవుడికే తెలియాలి.

అదే ఏడాది వంట నేర్పే క్లాసులో మరో సంగతి జరిగింది. ఉప్పు చూడటానికి రెండు చెంచాలు వాడాలని అక్కడ నేర్పారు. ఒక చెంచాతో గిన్నెలోంచి తీసి, గాలిలోనే రెండో చెంచాలోకి ఒంపి, రెండోదాన్ని మాత్రమే నోట్లో పెట్టుకోవాలి. మొదటిది నోటికి తగలకూడదు, రెండోది గిన్నెకు తగలకూడదు. ఇంటికి వచ్చి ఆ పద్ధతి చేసి చూపిస్తూ, "నాన్నా, ఇది ఎంగిలే కదా! వీళ్లకు పని ఉంది, పేరు లేదు," అంది. ఆరేళ్లుగా నేను క్రిములతో, నానమ్మతో, గొంతు పెంచి చెప్పలేకపోయినదాన్ని రెండు చెంచాలు చెప్పేశాయి. కొంచెం ఉక్రోషం కలిగిన మాట నిజం. రెండో చెంచాకు బదులు అరచెయ్యి పెడితే నానమ్మ పద్ధతి అవుతుందని అన్నాను. "కడగడానికి ఒక చెంచా తగ్గుతుంది," అని ఒప్పుకుంది.

ఈ వేసవిలో మా అమ్మ వచ్చింది. వచ్చిన మూడో రోజు చేపల పులుసు పెడతానంటే, చర్చిలా కనబడే మా ఊరి పాత చేపల బజారుకు తీసుకెళ్లాను. 1874లో కట్టిన ఆ భవనం ముందు మా అమ్మ చెప్పులు విప్పబోయింది. ఇది చేపల అంగడి అమ్మా అని ఆపాల్సి వచ్చింది. ఇంట్లో మనవరాలు తన గరిటె తెచ్చి ఇస్తే, మా అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, అంచు మీద బొటనవేలు నడిపించి, "నున్నగా చెక్కావే" అని మెచ్చుకుని, పక్కన పెట్టేసింది. చేపల పులుసులో ముక్కలు వేశాక గరిటె పెట్టకూడదు, రెండు చేతులతో గిన్నె పట్టి ఆడించాలి, లేకపోతే ముక్క చితికిపోతుంది. ఇంత శ్రమపడి చేసిన గరిటెకు తొలి పరీక్షలోనే పని లేదని తెలిసి పిల్ల నవ్వింది. అయినా ఉప్పు చూడాలి కదా. తనే ముందుకొచ్చి, ముక్కలకు తగలకుండా పైపైన పులుసు తీసింది, ఎడమచేత్తో.

"ఏందే అది, ఎడమచేత్తోనా! కుడిచేత్తో తియ్యి," అంది మా అమ్మ.

నేను నోరు తెరిచేలోగా, మా అమ్మాయి గరిటెను గిన్నె మీదే నిలిపి, తన మాండలికంలో నిదానంగా అడిగింది. "నానమ్మా, నువ్వు కుడిచేత్తో గరిటె పట్టుకుంటావు, ఎడమచేతిలో వేసుకుని నాకుతావు. నేను ఎడమచేత్తో పట్టుకుంటాను, కుడిచేతిలో వేసుకుని నాకుతాను. ఏ చేత్తో తినాలని నువ్వే చెప్పావు?"

మా అమ్మ తన ఎడమ అరచేతి వైపు ఒకసారి చూసుకుంది. అరవై ఏళ్లుగా ఉప్పు చూసిన చెయ్యి అది. తర్వాత ఏమీ అనకుండా కుడిచెయ్యి చాచింది. కుడి మూలలోంచి రెండు చుక్కలు ఆ అరచేతిలో పడ్డాయి. చప్పరించి, కళ్లు మూసుకుని, కాసేపు ఆగింది.

"ఉప్పు చాల్లా," అంది. "ఇంకో పలుకు వెయ్యి. ఏ చేత్తోనైనా వెయ్యిలే."