తెర్మే చెప్పని జవాబు

అస్గర్ ఫర్హాదీ 2011లో తీసిన ‘ఎ సెపరేషన్’ అనే ఇరాన్ సినిమాను నేను ఇప్పటికి మూడుసార్లు చూశాను. మొదటి రెండుసార్లూ దాన్ని విడిపోతున్న భార్యాభర్తల కథగానే చూసి, తప్పు ఎవరిది, ఒప్పు ఎవరిది అని లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. మా అమ్మాయికి పదకొండేళ్లు నిండిన వారంలో, ఇంట్లో అందరూ పడుకున్నాక మూడోసారి చూసినప్పుడు మాత్రం నా కళ్లు వాళ్లిద్దరి మీద నిలవలేదు. వాళ్ల కూతురు తెర్మే ఏ సన్నివేశంలో ఎక్కడ నిలబడి ఉంది, ఎవరి మాటలు ఆమె చెవిన పడుతున్నాయి అని వెతుక్కుంటూనే ఉన్నాను. ఆ పిల్లకూ పదకొండేళ్లే. పర్షియన్‌లో ఈ సినిమా పేరుకు ‘సిమీన్ నుంచి నాదెర్ ఎడబాటు’ అని అర్థం. పేరులో తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, తెర్మే లేదు.

కథ కోర్టు గదిలో మొదలవుతుంది. భార్యాభర్తలు పక్కపక్క కుర్చీల్లో కూర్చుని నేరుగా మన వైపు చూస్తూ తమ తమ వాదనలు వినిపిస్తారు. జడ్జి గొంతు వినిపిస్తుంది కానీ మనిషి కనిపించడు, ఎందుకంటే కెమెరాను ఆయన కూర్చునే చోటే పెట్టారు. సిమీన్‌కు విదేశం వెళ్లడానికి వీసా వచ్చింది, దాని గడువు ఇంకో నలభై రోజుల్లో తీరిపోతుంది, కూతురిని ఇక్కడి పరిస్థితుల్లో పెంచడం ఆమెకు ఇష్టం లేదు. నాదెర్‌కు అల్జీమర్స్‌తో మనుషులను గుర్తుపట్టలేని స్థితికి చేరిన తండ్రి ఉన్నాడు, ఆయనను వదిలి అతను కదలలేడు. నువ్వు కొడుకువన్న సంగతి ఆయనకు తెలుసా అని ఆమె అడిగితే, ఆయన నా తండ్రన్న సంగతి నాకు తెలుసు కదా అని అతను అంటాడు. ఆ ఒక్క జవాబుతో నాదెర్ మీద నాకు కలిగిన గౌరవం, ఆ తర్వాత అతను చేసిన పనులన్నీ చూశాక కూడా పూర్తిగా పోలేదు. అలాగని సిమీన్ మాట తీసిపారేయడానికీ నాకు మనసు రాలేదు. కన్నకూతురి భవిష్యత్తు గురించి భయపడే తల్లికి ఏమని నచ్చజెప్పగలం? మీది చిన్న సమస్య అని జడ్జి వాళ్లను పంపించేస్తాడు.

సిమీన్ పుట్టింటికి వెళ్లిపోతుంది, తెర్మే తండ్రి దగ్గరే ఉండిపోతుంది. తనను వదిలి తల్లి దేశం దాటదని తెలిసే ఆ పిల్ల అక్కడ ఆగిందని నాకు అనిపిస్తుంది. తాను కదలకుండా ఉంటే ఈ సంసారం విరిగిపోకుండా ఆగుతుందని ఆమె లెక్క. పెద్దాయనను చూసుకోవడానికి నాదెర్ రజియే అనే పేద ఇల్లాలిని పనికి పెట్టుకుంటాడు. ఆమె గర్భిణి, భర్త అప్పుల్లో ఉన్నాడు, చిన్న కూతురు సొమయేను వెంటబెట్టుకుని పనికి వస్తుంది. పెద్దాయన బట్టలు పాడుచేసుకున్న రోజు, పరాయి మగవాడి ఒళ్లు కడిగితే పాపమవుతుందేమోనని ఫోన్‌లో అడిగి తెలుసుకుని మరీ ఆ పని చేస్తుంది. ఒకరోజు ఆమె ఆయన చేతిని మంచానికి కట్టేసి, తలుపు తాళం వేసి బయటికి వెళ్తుంది. నాదెర్ వచ్చేసరికి తండ్రి కింద పడి ఉంటాడు. కోపంలో అతను ఆమెను గుమ్మం బయటికి నెడతాడు, ఆ తర్వాత ఆమెకు కడుపు పోతుంది, అతని మీద హత్యానేరం కింద కేసు నమోదవుతుంది. సిమీన్ ఇల్లు వదలకపోతే రజియే ఆ గడప తొక్కేదే కాదు. ఒక ఇంట్లో మొదలైన బీట రెండో ఇంటి గోడ దాకా ఎలా పాకుతుందో ఫర్హాదీ ఎక్కడా గొంతు పెంచకుండా చూపించాడు.

నేను ఆపి, వెనక్కి తిప్పి చూసిన సన్నివేశాలు రెండున్నాయి. మొదటిది పెట్రోలు బంకులో జరుగుతుంది. నాదెర్ కారులోనే కూర్చుని కూతురి చేత పెట్రోలు పట్టిస్తాడు. బంకులో పనిచేసే అతను మిగిలిన చిల్లరను టిప్పుగా ఉంచేసుకున్నాడని తెలిసి, పెట్రోలు పట్టింది నువ్వే కాబట్టి ఆ డబ్బు అడిగి తీసుకురమ్మని ఆమెను వెనక్కి పంపుతాడు. ఆ పిల్ల బెరుకుగానే వెళ్లి అడిగి తెచ్చుకుంటుంది, తండ్రి కారులోంచి ముచ్చటగా చూస్తూ ఉంటాడు, చివరికి ఆ చిల్లర ఆమెనే ఉంచుకోమంటాడు. రెండోది ఇంట్లో చదువుకునే వేళ. పరీక్ష కోసం ఒక్కో మాటకు అచ్చమైన పర్షియన్ మాట చెప్పమని అతను అడుగుతుంటే, మనం బడిలో ప్రకృతి, వికృతులు అప్పజెప్పినట్టుగా తెర్మే అప్పజెబుతూ ఉంటుంది. గ్యారంటీకి ఆమె చెప్పిన మాట అరబీదని అతను దిద్దుతాడు. మా టీచరు అలాగే చెప్పిందని, అది రాయకపోతే మార్కులు తగ్గిస్తుందని ఆ పిల్ల అంటే, తగ్గిస్తే తగ్గించనీ అంటాడు. ఎవరు చెప్పినా, ఎక్కడ రాసి ఉన్నా తప్పు తప్పే అని అతను ఆమెకు నేర్పుతాడు.

ఈ రెండు సన్నివేశాలనూ మనసులో పెట్టుకుంటేనే తర్వాత వచ్చేది ఎంత బరువైనదో తెలుస్తుంది. రజియే గర్భిణి అన్న సంగతి తనకు తెలియదని నాదెర్ కోర్టులో చెప్పాడు. అది అబద్ధమని, తండ్రి మాటల్లోని ఒక చిన్న పొంతన లేని విషయాన్ని పట్టుకుని తెర్మేయే కనిపెడుతుంది, నిలదీస్తుంది. అతను దాచడు. తెలుసునని ఒప్పుకుని, తాను జైలుకు వెళితే నిన్ను ఎవరు చూస్తారని తన భయం చెబుతాడు, నువ్వు వెళ్లి చెప్పమంటే వెళ్లి చెప్పేస్తానని కూడా అంటాడు. న్యాయంగా మాట్లాడినట్టే కనిపించే ఆ మాట, నా దృష్టిలో ఈ సినిమా మొత్తంలో అన్నిటికన్నా క్రూరమైన మాట. పెద్దవాడు మోయాల్సిన మూటను పిల్ల నెత్తిన పెట్టి, దించమంటావా అని ఆమెనే అడగడం అది. ఆ తర్వాత ఆ పొంతన లేని విషయం గురించే జడ్జి తెర్మేను అడిగినప్పుడు, ఆ సంగతి నాన్నకు నేనే చెప్పానని ఆమె అబద్ధం చెప్పి తండ్రిని కాపాడుతుంది. తిరిగి వెళ్లేటప్పుడు కారులో ఆమె ముఖం మీద కన్నీళ్లు కారుతూ ఉంటాయి. తప్పు తప్పే అని నేర్పిన మనిషి కోసమే ఆ పిల్ల తప్పు చెప్పాల్సి వచ్చింది. విడాకులు కాగితం మీద ఇంకా రానేలేదు, తెర్మే బాల్యం మాత్రం ఆ రోజే ముగిసిందని నేను అనుకుంటున్నాను. ఈ పాత్ర వేసిన సరీనా ఫర్హాదీ దర్శకుడి సొంత కూతురు. ఆ వయసు పిల్ల ముఖంలో ఏది ఎప్పుడు కదులుతుందో తండ్రిగా ఎరిగిన మనిషి తీసిన సన్నివేశమది.

ఎదురుపక్షంలోని రజియే ఏం చేసిందో కూడా చెప్పాలి. దేవుడి భయంవల్ల ఆమె అబద్ధపు ప్రమాణం చేయకుండా ఆగింది. నేను నెట్టడం వల్లే నీకు కడుపు పోయిందని ఖురాన్ మీద ప్రమాణం చేస్తే పరిహారం చెల్లిస్తానని నాదెర్ అడుగుతాడు. అంతకుముందే ఆమెకు కారు తగిలింది కనుక నష్టం ఎప్పుడు జరిగిందో ఆమెకే అనుమానం. అప్పులవాళ్లు నట్టింట్లో కూర్చుని ఉండగా, అంత అవసరంలో కూడా ఆమె ప్రమాణం చేయలేదు. ఆ గొడవంతా ఆమె కూతురి కళ్ల ముందే, తెర్మే కళ్ల ముందే జరుగుతుంది. కొన్నాళ్ల కిందట ఆ ఇద్దరు పిల్లలూ కలిసి ఫూస్‌బాల్ ఆడుకున్నారు. బెర్లిన్ చిత్రోత్సవంలో దీనికి అక్కడి అత్యున్నత బహుమతి గోల్డెన్ బేర్‌తో పాటు, నటులకు కలిపి ఒకటి, నటీమణులకు కలిపి ఒకటి బహుమతులు ఇచ్చారు. ఏ ఒక్కరినీ వేరుచేసి మెచ్చుకోలేని సినిమాకు అదే సరైన గౌరవం. 2012లో ఇరాన్‌కు మొదటి ఆస్కార్ తెచ్చింది కూడా ఇదే.

చివర మళ్లీ కోర్టు. ముగ్గురూ నల్లబట్టల్లో ఉంటారు, పెద్దాయన పోయాడని ఎవరూ నోరు విప్పి చెప్పరు. అమ్మతో ఉంటావా, నాన్నతో ఉంటావా అని జడ్జి తెర్మేను అడుగుతాడు. నిర్ణయించుకున్నానని అంటుంది గానీ, వాళ్ల ముందు చెప్పలేకపోతుంది. తల్లిదండ్రులను బయట ఉండమంటారు. మధ్యలో అద్దాల తలుపు, అటు ఒకరు, ఇటు ఒకరు, నడవాలో వచ్చేపోయే జనం. పేర్లు పడుతూ ఉండగా కెమెరా అక్కడే నిలబడిపోతుంది, ఆమె ఏం చెప్పిందో మనకు తెలియదు.

మన దేశంలోనూ, ఆలోచించి తన ఇష్టం చెప్పగల వయసు వచ్చిన పిల్లల మాటను కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం చెబుతోంది. పిల్లల క్షేమమే అన్నిటికన్నా ముఖ్యమని 1956లో వచ్చిన హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం చెబుతోంది. అందుకే జడ్జిలు పిల్లలను తమ గదిలోకి పిలిచి విడిగా మాట్లాడతారు. ఉద్దేశం మంచిదే, ఆ సంగతి నాకు పెద్దయ్యాక అర్థమైంది.

ఫర్హాదీ కెమెరా ఆ గది బయటే ఆగిపోయింది. నేను ఏడో తరగతిలో ఉండగా అలాంటి గది లోపల కూర్చున్నాను. బడి నుంచి నేరుగా తీసుకెళ్లారు కాబట్టి యూనిఫారంలోనే ఉన్నాను. బల్ల మీద నాడాతో కట్టిన కేసు కట్టలు ఉన్నాయి, ఫ్యాను గాలికి పైకాగితం లేచిపోతుంటే జడ్జిగారు దాన్ని అరచేత్తో అదిమి పట్టుకుని, “ఎవరి దగ్గర ఉంటావమ్మా?” అని చాలా మెల్లగా అడిగారు. ఇద్దరి దగ్గరా అన్నాను. ఆయన కోప్పడలేదు, ఇంకేమీ అడగలేదు, అలాగే చూస్తూ ఊరుకున్నారు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడని ఆ కాసేపటికి నేను ఒకరి పేరు చెప్పాను.

బయట వరండాలో ఒకటే పొడవాటి బల్ల ఉండేది. ఆ చివర మా నాన్న, ఈ చివర మా అమ్మ కూర్చుని ఉన్నారు. తలుపు చప్పుడు కాగానే ఇద్దరూ ఒక్కసారే లేచి నిలబడ్డారు. ముందు ఎవరి వైపు చూడాలో తెలియక నేను కాగితాల కట్ట మోసుకుంటూ వెళ్తున్న బంట్రోతు వైపు చూశాను.