ఏసీలో పెట్టిన పరీక్ష

ఆగస్టు, మంగళవారం. రాత్రి పదకొండు దాటింది.

పొద్దున గుంటూరులో బండి ఎక్కగానే కిటికీ సీటు దొరికింది, ఆ సంతోషంలో ఫోన్ తీసి ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్‌లో వచ్చేలాంటి పజిలొకటి మొదలుపెట్టాను. ఐదుగురు స్నేహితులు, ఐదు రంగుల చొక్కాలు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో తేల్చాలి. మంగళగిరి వచ్చేసరికి ముగ్గురిని కూర్చోబెట్టాను. కృష్ణా కెనాల్ దగ్గర బండి అలవాటుగా ఆగింది, నాలుగోవాడు కుదిరాడు, తీరా చూస్తే రెండోవాడు తప్పు. వంతెన మీదికి రాగానే ఫోన్ బ్యాగులో పడేశాను. బ్యారేజీ గేట్లు ఎత్తారు, నీళ్ళు ఎర్రగా సుళ్ళు తిరుగుతున్నాయి, పక్కావిడ రూపాయి బిళ్ళ వేసి దణ్ణం పెట్టుకుంది. నేను బిళ్ళ లేకుండానే పెట్టుకున్నాను.

ఎంబీఏ చేయాలనుకుని రెండేళ్ళయింది. చేయాలా వద్దా అన్న గొడవ ఎప్పుడో తీరింది, పరీక్ష ఎప్పుడు రాయాలన్నదే తెగట్లేదు. నిరుడు ఎంబీఏకే ఉన్న ఇంకో పరీక్ష, జీమ్యాట్ అనుకున్నాను. అందులో సుఖం ఏంటంటే తేదీ మనమే పెట్టుకోవచ్చు, స్కోరు ఐదేళ్ళు పనికొస్తుంది, బాగా రాకపోతే పదహారు రోజుల తర్వాత మళ్ళీ రాయొచ్చు, హైదరాబాద్‌లో ఐఎస్‌బీ అనే బిజినెస్ స్కూలుకి కూడా పంపొచ్చు. వినడానికి ఎంత బాగుందో! మార్చిలో బుక్ చేశాను. మార్చిలో మార్కెట్ యార్డుకి మిర్చి ముంచెత్తుతుంది, నాన్న కొట్టులో లెక్కలు నేనే చూడాలి, మేకి మార్చాను. మేలో క్వాంట్, అంటే లెక్కల భాగం, ఇంకా రాలేదనిపించి జూన్‌కి మార్చాను. మార్చిన ప్రతిసారీ ఫీజు, తేదీ దగ్గరపడేకొద్దీ ఇంకా ఎక్కువ. జూన్‌లో రద్దే చేశాను. అసలు ఫీజే ఇరవై వేల పైమాట, అందులో తిరిగొచ్చింది ఎంతో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. (అమ్మ ఇది చదవదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.)

ఇంట్లో కూర్చుని కూడా రాయొచ్చు కదా అంది మా ఆఫీసు అక్క. రాయొచ్చు. కానీ ఆ రెండుంబావు గంటలూ గదిలోకి ఇంకో మనిషి రాకూడదు, వస్తే పరీక్ష ఆపేస్తారు. మా నాయనమ్మకి ఈ సంగతి ఎవరు చెప్తారు? నేను తలుపేసుకుంటే ఆవిడకి నేను అలిగినట్టు లెక్క, పది నిమిషాలకోసారి "అన్నం తిన్నావా" అని వస్తుంది.

మరి క్యాట్ అయితే? నవంబరులో ఆఖరి ఆదివారం, ఏడాదికి ఒక్కసారే, ఆ స్కోరు ఆ ఏడాదికే. ఆఫీసులో సెప్టెంబరు 30 దాకా టాక్స్ ఆడిట్లు. ఇవాళ సార్‌ని సెలవు గురించి కదిపితే "ముప్ఫయ్యో తారీఖు దాటనీ తల్లీ" అన్నారు. ఆయన తప్పేం లేదు, టేబుల్ మీద ఫైళ్ళు నాకే భయమేస్తున్నాయి. అంటే నాకు మిగిలేది అక్టోబరు, నవంబరు, అదీ రిటర్నులు పోగా. ఆదివారం రాసిన మాక్ టెస్టులో ఇంగ్లీషు పర్వాలేదు, లెక్కలు ఓ మోస్తరు, ఆ చొక్కాల సెక్షన్‌లో నలభై నిమిషాలకి ఒక్క సెట్టు అయింది. ఆప్షన్లున్న ప్రశ్నల్లో తప్పుకి ఒక మార్కు కోత కూడా. రోజంతా జనాల లెక్కలు పైసాతో సహా కలిపేదాన్ని, ఐదుగురిని బల్ల చుట్టూ కూర్చోబెట్టలేకపోతున్నాను.

రాత్రి అన్నాల దగ్గర నాన్నని అడిగాను, వచ్చే ఏడు బాగా చదివి జీమ్యాటే రాయనా, ఈ ఏడు క్యాట్ రాసెయ్యనా అని. నాన్నకి ఈ రెండింటికీ తేడా తెలీదు. తేదీలు ఎవరు పెడతారు అని మాత్రం అడిగాడు. చెప్పాను. కాసేపు మజ్జిగ కలుపుకుంటూ ఉండి, "అమ్మాయ్, రేటొచ్చాక అమ్ముకుందామని సరుకు ఏసీలో, అదే కోల్డ్ స్టోరేజీలో పెడతారు చూడు, ఎప్పుడు తియ్యాలో వాళ్ళకెప్పుడూ తెలీదు. ఇవాళ పెరిగితే రేపింకా పెరుగుద్దంటారు. తగ్గితే ఇప్పుడేం తీస్తాంలే అంటారు. అద్దె మాత్రం నెలనెలా పడుద్ది, పైగా కాయ రంగు దిగుద్ది" అన్నాడు.

పరీక్ష గురించి ఇంకేం అనలేదు, పచ్చడి జాడీ ఇటు జరపమన్నాడు. నాకు మాత్రం గొంతులో ముద్ద దిగలేదు. నేను కట్టిన రీషెడ్యూల్ ఫీజులన్నీ కోల్డ్ స్టోరేజీ అద్దెలేగా! సిద్ధమయ్యాక రాద్దాం అనుకున్నంత కాలం సిద్ధమైన రోజు ఒక్కటీ రాలేదు. నాలాంటి దానికి తేదీ చేతికిస్తే జరుపుతూనే కూర్చుంటుంది, ఎవరో ఒకరు గోడ కట్టి ఇదే ఆఖరు అంటే తప్ప కదలదు.

క్యాటే రాస్తాను. ఇంతకీ జనవరిలో యార్డుకి మళ్ళీ సరుకు దిగేలోపు ఇది అయిపోతుంది కూడా.

ఇప్పుడే అప్లికేషన్ నింపుదామని ల్యాప్‌టాప్ తెరిస్తే అమ్మ వచ్చింది. మంగళవారం పూట మొదలుపెట్టడం ఏంటి, రేపు చూసుకో అంది. సరే, పన్నెండు దాటాక నింపుతానన్నాను. మన లెక్కలో తెల్లారితేగానీ బుధవారం రాదట. పరీక్ష ఏ టైముకి అని అడిగింది. మూడు పూటలా పెడతారు, ఏది పడుతుందో మన చేతిలో లేదు, ఆఖరిది సాయంత్రం నాలుగున్నరకి అని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలమే!"

కాలెండర్ తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది, లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.