పదో రోజున తెలిసింది, తప్పంతా పొడి దగ్గరే ఉందని

పాప పుట్టాక మొదటి తొమ్మిది రోజులూ నేను పాలు కలిపిన తీరు ఇదీ. పొద్దున్నే నీళ్లు కాచి, చల్లార్చి పెట్టుకోవడం, ఏడ్చినప్పుడల్లా ఆ గోరువెచ్చటి నీళ్లు సీసాలో పోసి, పాలపొడి వేసి నాలుగు ఊపులు ఊపడం, అంతే. కాచిన నీళ్లే కదా, సీసా కూడా ఉడకబెట్టిందే కదా అన్న ధీమా. పదో రోజు చెకప్‌లో డాక్టరుగారు "నీళ్లు ఎంత వేడిగా ఉన్నప్పుడు పొడి వేస్తున్నారు?" అని అడిగితే గోరువెచ్చగా ఉన్నప్పుడేనండీ అన్నాను, కాస్త గర్వంగానే.

ఆవిడ చెప్పింది విని నాకు చెమటలు పట్టాయి. డబ్బా ఎంత గట్టి సీలుతో వచ్చినా లోపలి పొడి స్టెరైల్ కాదట, అంటే సూక్ష్మక్రిములు బొత్తిగా లేనిది కాదట. క్రోనోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా తడి లేని పొడిలో కూడా చాలాకాలం బతికేయగలదు. ఈ జబ్బు రావడం అరుదే, కానీ రెండు నెలల లోపు పిల్లలకీ, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకీ సోకితే రక్తంలోకి, మెదడు పొరల్లోకి పాకి ప్రాణం మీదికి తెస్తుంది. గోరువెచ్చటి నీళ్లు దాన్ని చంపవు సరికదా, హాయిగా పెరగనిస్తాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన సూచనల్లో పొడి కలిపే నీళ్ల వేడి 70 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గకూడదని ఉంది. వేడినీళ్లు పొడి కరగడానికే అనుకున్నాను నేను ఇన్నాళ్లూ!

ఇప్పుడు లీటరు నీళ్లు సలసలా కాగాక దించి మూత పెడుతున్నాను, అరగంట దాటకముందే కలిపేస్తున్నాను. పాపకి కావాల్సిన కాసిని నీళ్లే కాచుకుంటే అవి నిమిషాల్లో చల్లారిపోతాయి, ఆ అరగంట లెక్క వాటికి పనికిరాదు. కొన్ని డబ్బాల మీద వేరే వేడి రాసి ఉంటుంది, అలాంటప్పుడు పిల్లల డాక్టరుని అడగడమే.

ముందు నీళ్లు, తర్వాతే పొడి. పొడి ముందు వేస్తే నీళ్లు గీత దాకా వచ్చినట్టే కనిపిస్తాయి కానీ నిజానికి తక్కువ పడతాయి. స్కూపుని నొక్కి నింపకుండా, పైన కత్తి వీపుతో గీసి చదును చేస్తాను. మా అమ్మ "కాస్త ఎక్కువెయ్యరా, బలంగా ఉంటుంది" అంటుంది. బలం కాదు, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం. పోనీ పల్చగా కలిపితే, ఆకలి సంగతి అటుంచి, రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. ఇంకోటి, ఒక డబ్బా స్కూపు ఇంకో డబ్బాలో వాడొద్దు, కొలతలు ఒకేలా ఉండవు.

కలిపాక మూత బిగించి సీసాని చన్నీళ్ల గిన్నెలో నిలబెడతాను, నీళ్లు మూత దాకా రాకుండా. మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసుకుంటే వేడీ చలీ ఏమీ తెలియకూడదు, అప్పుడు పట్టొచ్చు. మైక్రోవేవ్ జోలికి మాత్రం వెళ్లకండి, సీసా బయట గోరువెచ్చగానే ఉండి లోపల ఒకచోట పాలు మరుగుతుంటాయి, నోరు కాలుతుంది.

సీసాలు కడగడంలో నన్ను విసిగించేది నిపుల్. చూడ్డానికి తళతళలాడుతుంది, వెనక్కి తిప్పి చూస్తే అంచు మడతలో తెల్లటి జిగురు. బ్రష్‌తో అది పోయేదాకా రుద్ది, అప్పుడు పది నిమిషాలు నీళ్లలో మునిగేలా మరిగించాలి.

మిగిలిన పాల దగ్గరే ఇంట్లో గొడవంతా. 60 మిల్లీలీటర్లు కలిపితే 35 తాగి నిద్రపోతుంది. "అయ్యో, ఫ్రిజ్‌లో పెట్టరా" అని అమ్మ, సింకులో ఒంపేస్తూ నేను. ఎంగిలి తగిలిన పాలు గంటకు మించి ఉంచకూడదు. నోరు పెట్టనివైనా బయట రెండు గంటలే. ముందే కలిపి పెట్టుకోక తప్పకపోతే త్వరగా చల్లార్చి, ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపల వెనకవైపు, 5 డిగ్రీలు మించని చోట పెట్టి 24 గంటల్లో వాడేయాలి.

రాత్రిళ్లు మాత్రం నేను ఫ్రిజ్‌ని నమ్ముకోవట్లేదు. పడుకునే ముందు అప్పుడే మరిగిన నీళ్లు మంచి ఫ్లాస్కు నిండా పోసి, పక్కన కొలిచిన పాలపొడిని తడి లేని చిన్న డబ్బాల్లో పెట్టుకుంటాను. అవి కలిపి చల్లార్చేలోపు ఇల్లంతా ఏడుపే, ఏం చేస్తాం.

డబ్బా తెరిచాక నెలలో వాడేయాలి కాబట్టి తేదీ మూత మీద మార్కర్‌తో రాస్తున్నాను. ఇప్పటి డబ్బా మీద రెండు తేదీలున్నాయి, రెండోది ఏ నిద్రమత్తులో రాశానో తెలీదు. ముందరి తేదీనే లెక్క పెట్టుకుంటున్నాం.