ఉయ్యాల స్టాండుకు పైపు వంచిన విధం

పెరట్లో ఉయ్యాల స్టాండు కోసం 25 ఎన్‌బీ (నామమాత్రపు లోపలి కొలత 25 మిల్లీమీటర్లు) మీడియం (మధ్యరకం మందం) ఎంఎస్ (మెత్తని ఉక్కు) పైపు తెచ్చాను. అంగుళం పైపు అని పిలిచినా దాని బయటి వ్యాసం 33.7 మిల్లీమీటర్లు ఉంటుంది. బయటి వ్యాసం 25.4 మిల్లీమీటర్లు ఉండే ట్యూబుకు చేసిన బెండరు (జాకీతో పైపును వంచే పరికరం) అచ్చులో ఈ పైపు కూర్చోదు. పైపు అచ్చులో ట్యూబును పెడితే పక్కలకు ఆసరా లేక నొక్కుకుపోతుంది. నా మొదటి ముక్క పాడైనది ఈ తేడా తెలియకనే.

వంచేటప్పుడు బయటి అంచు సాగి పలుచబడుతుంది, లోపలి అంచు కుదించుకుపోతుంది. అందుకే పైపు పొడవునా ఉండే వెల్డింగు అతుకును ఆ రెండింటికీ మధ్య, పక్కవైపు ఉంచాలి. నేను 300 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో 90 డిగ్రీలు వంచాను కనుక వంపుకు పైపు మీద 471 మిల్లీమీటర్లు (ఆ వృత్తం చుట్టుకొలతలో నాలుగో వంతు) గుర్తు గీసుకున్నాను. జాకీ ఒత్తిడి వదలగానే పైపు కొంత వెనక్కి విచ్చుకుంటుంది. ఎంత విచ్చుకుంటుందో అదే పైపు తుంట మీద ముందుగా చూసుకుని, అంతమేర ఎక్కువ వంచాలి.

బెండరు లేనివారు పైపులో ఇసుక దట్టించి, చివరలకు బిరడాలు బిగించి, ఎర్రగా కాల్చి వంచుతారు. ఆ ఇసుకను ముందుగా పూర్తిగా వేయించి ఆరబెట్టాలి, ఎందుకంటే తడి మిగిలితే ఆవిరి ఒత్తిడికి బిరడా తుపాకి గుండులా ఎగిరి మనిషిని గాయపరచగలదు. జీఐ పైపును మాత్రం ఎన్నడూ కాల్చవద్దు. దాని జింకు పూత పొగ పీల్చితే చలిజ్వరం వస్తుంది.