నిమిషానికోసారి మాయమయ్యే హోస్టులు

ఆటోనగర్‌లో ఓ కంపెనీ. వీసెంటర్ (వీఎంవేర్ సర్వర్లన్నిటినీ ఒకేచోట నుంచి చూసుకునే సాఫ్ట్‌వేర్) తెరిస్తే ఈఎస్ఎక్స్ఐ హోస్టులన్నీ, అంటే వర్చువల్ మెషీన్లను (వీఎంలను) నడిపే సర్వర్లన్నీ, 'నాట్ రెస్పాండింగ్'. అకౌంట్స్ చూసే ఆయనకి ఒకటే టెన్షన్, బిల్లింగ్ ఆగిపోతుందేమోనని. "ఆగదండీ, వీఎంలు నడిచేది హోస్టు మీద, వీసెంటర్ పెత్తనం చేస్తుందంతే" అంటే నమ్మలేదు. తనే ఓ బిల్లు కొట్టి చూసుకున్నాక గానీ కుదుటపడలేదు.

కనెక్ట్ నొక్కితే హోస్టు బుద్ధిగా వచ్చేస్తోంది. నిమిషం తిరిగేసరికి మళ్లీ పోతోంది. పింగ్ బాగానే ఉంది, వీసెంటర్ హోస్టుతో మాట్లాడే 443 పోర్టూ తెరిచే ఉంది. దొంగను పట్టిచ్చింది ఆ నిమిషమే. హోస్టు ప్రతి 10 సెకన్లకు యూడీపీ (చేరిందో లేదో చూసుకోకుండా ప్యాకెట్ వదిలేసే పద్ధతి) 902 పోర్టు మీద వీసెంటర్‌కి హార్ట్‌బీట్, అంటే 'బతికే ఉన్నా' అనే కబురు, పంపుతుంది. 60 సెకన్లపాటు ఒక్కటీ అందకపోతే వీసెంటర్ ఆశ వదిలేసుకుంటుంది.

ప్యాకెట్లు పట్టి చూస్తే హోస్టు నుంచి బయల్దేరుతున్నాయి, అవతలికి ఒక్కటీ చేరట్లేదు. మధ్యలో కొత్తగా పెట్టిన ఫైర్‌వాల్! బిగించినవాళ్లకి ఫోన్ చేస్తే "902 ఓపెన్‌లోనే ఉంది సార్" అని ఒకటే పాట. టెల్నెట్ (పోర్టు తెరిచుందో లేదో చూడ్డానికి వాడే కమాండ్) కొట్టి మరీ చూపించారు. టెల్నెట్‌కి తెలిసింది టీసీపీ (అవతలివాళ్లు జవాబిస్తేనే కనెక్షన్ కుదిరే పద్ధతి) ఒక్కటే కదా! యూడీపీ రూల్ పెట్టించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇలాంటప్పుడు కొందరు హోస్టునే రీబూట్ చేసేస్తారు. నడుస్తున్న వీఎంలను చేజేతులా పడగొట్టుకోవడం ఎందుకో!

రూల్ పడ్డాక హోస్టులు నిలబడ్డాయి. ఒకటి మాత్రం మొండికేసింది. దాంట్లో వీపీఎక్స్‌ఏ (వీసెంటర్ తరఫున హోస్టులో పనిచేసే ఏజెంట్) సర్వీసు ఒక్కదాన్నే రీస్టార్ట్ చేస్తే అదీ లేచింది.