పరీక్ష ఒక్కరోజుది, పుస్తకం ఏడాదంతా కావాలి

ఉస్మానియా క్యాంపస్‌లో సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడేకొద్దీ హాస్టల్ వాట్సాప్ గ్రూపుల్లో ఒకే సందేశం పదేపదే కనిపిస్తుంది: "రేపు ఉదయం పరీక్షకు స్క్రైబ్ కావాలి, వీలున్నవాళ్లు చెప్పండి." చూపులేని విద్యార్థి చెబుతుండగా జవాబులు రాసిపెట్టే ఈ పనిలో నేను ఎం.ఏ.లో చేరినప్పటి నుంచీ ఉన్నాను. ఈ సేవ గురించి క్యాంపస్‌లో అందరికీ మంచి అభిప్రాయమే ఉంది. కానీ దీనిని పరీక్ష రోజుకే పరిమితం చేసుకుంటున్నామన్నది నా బాధ.

డిగ్రీలో నేను జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) వాలంటీరును. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాలలో మొదలైన ఈ పథకంలో వాలంటీరు రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి. మొక్కలు నాటాం, రక్తదాన శిబిరాలకు మనుషులను కూడగట్టాం, దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో ఉన్నాం. పదిమందితో కలిసి పనిచేయడం అక్కడే అలవాటైంది. అయితే అవసరమున్నవారి కోసం ఊరు దాటి వెళ్లనక్కర లేదని, మన పక్కగదిలోనే చదువుకుంటున్నవారికి మనం చేయగలిగింది చాలా ఉందని యూనివర్సిటీకి వచ్చాకే తెలిసింది.

స్క్రైబ్ దొరకడం అనుకున్నంత సులభం కాదు. అభ్యర్థి తానే స్క్రైబ్‌ను తెచ్చుకుంటే, అతని చదువు అభ్యర్థి చదువు కన్నా ఒక మెట్టు తక్కువ ఉండాలని 2018 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెప్పాయి. అందువల్ల ఎం.ఏ. మిత్రుల కోసం డిగ్రీ విద్యార్థులను వెదకాలి. సరిగ్గా అప్పుడే వాళ్లకూ పరీక్షలు ఉంటాయి. గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇస్తారు కనుక మూడు గంటల పరీక్ష నాలుగు గంటలవుతుంది, అంతసేపూ చేయి ఆగకూడదు. వీటన్నిటికన్నా కష్టమైనది మరొకటుంది. మనకు తెలిసిన జవాబును మనసులోనే ఉంచుకుని, ఎదుటివారు చెప్పినదాన్ని చెప్పినట్టే రాయాలి. వాక్యం కొంచెం బాగుచేసి రాస్తే ఏమవుతుందని కొత్తవాళ్లు అడుగుతుంటారు. అది అతని పరీక్ష, మార్కులు అతనివి, మాట కూడా అతనిదే ఉండాలి.

తెలుగు పేపరైతే ఛందస్సు ప్రశ్న స్క్రైబ్‌కే పరీక్ష పెడుతుంది. ఉత్పలమాల పాదాన్ని అభ్యర్థి ధారగా చెప్పి, భ ర న భ భ ర వ గణాలనీ, పదో అక్షరం యతిస్థానమనీ తడుముకోకుండా వివరిస్తాడు. ఆ గురులఘు చిహ్నాలను ఏ అక్షరం మీద ఏది పెట్టాలో రాసేవాడికి తెలియకపోతే, ఒక్కొక్క అక్షరానికీ "ఇది గురువు, ఇది లఘువు" అని చెప్పుకుంటూ రావడంలోనే అభ్యర్థి సమయం కరిగిపోతుంది. అందుకే మేము తెలుగు పేపరుకు వచ్చే స్క్రైబ్‌లను ముందురోజే అభ్యర్థితో కూర్చోబెట్టి, ఒకటి రెండు పద్యాలకు గణవిభజన రాయిస్తాం.

ఇంత చేసినా, చదువుకోవడానికి పుస్తకమే అందని విద్యార్థికి మంచి స్క్రైబ్ దొరికి ఏం లాభం? ఆంగ్లంలో చదివేవారికి, తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాయంతో చాలా పుస్తకాలు అందుతున్నాయి. తెలుగు మాధ్యమం వారి పరిస్థితి వేరు. మన పుస్తకాలలో చాలావరకు, ప్రతి తెలుగు అక్షరానికీ తనదైన సంకేతం ఉండే యూనికోడ్‌లో కాక పాత డీటీపీ ఫాంట్లలో అచ్చుకు సిద్ధమైనవే. ఆ ఫాంట్లలో కంటికి తెలుగు కనిపిస్తుంది కానీ లోపల ఉండేవి ఆంగ్ల అక్షరాల సంకేతాలు కావడంతో, స్క్రీన్ రీడర్ వాటిని అర్థంలేని ఆంగ్ల అక్షరాలుగా చదువుతుంది. స్కాన్ చేసిన పుస్తకమైతే దానికి బొమ్మ మాత్రమే, చదవడానికి అందులో ఏమీ ఉండదు. ఆ బొమ్మ నుంచి అక్షరాలను రాబట్టే ఓసీఆర్ ఇప్పుడు బాగానే మెరుగుపడింది, అయినా పాత అచ్చు పుస్తకాలలో మ, య లను, థ, ధ లను తారుమారు చేస్తుంది, వత్తులు వదిలేస్తుంది. మనిషి కూర్చుని మూలంతో పోల్చి దిద్దక తప్పదు.

చట్టం ఈ పనికి అడ్డు చెప్పడం లేదు. 2012 సవరణతో మన కాపీరైట్ చట్టం వికలాంగుల కోసం పుస్తకాలను వారికి అనువైన రూపంలోకి మార్చుకోవడానికి వీలు కల్పించింది. ఇదే ఉద్దేశంతో వచ్చిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ధ్రువీకరించింది కూడా భారతదేశమే. లోటల్లా మనుషులదే.

టైపింగ్ రానివారు చదివి రికార్డు చేయవచ్చు. ఇందులోనూ శ్రద్ధ కావాలి. శ, ష, స లను, ల, ళ లను స్పష్టంగా పలకకపోతే వినేవారికి వర్ణక్రమం తెలిసే దారి లేదు. పద్యాన్ని ఒకసారి ఉన్నదున్నట్టు, మరోసారి పదవిభాగంతో చదవాలి. పేజీ సంఖ్య మారినప్పుడల్లా చెప్పాలి. రాగం తీయనక్కర లేదు, భావం ఒలికించనక్కర లేదు. మా మిత్రులు ఆడియోను రెట్టింపు వేగంతో వింటారు, వారికి కావలసింది స్పష్టత.

ఈ సెలవుల్లో ఒక వ్యాకరణ పుస్తకాన్ని, ఒక ఛందస్సు పుస్తకాన్ని పూర్తిగా యూనికోడ్‌లోకి తేవాలని మేము పెట్టుకున్నాం. ఓసీఆర్ చేసిన పేజీలను దిద్దడానికి తెలుగు బాగా చదివినవారు కావాలి. ఒక్కొక్కరు ఒక అధ్యాయం తీసుకుంటే చాలు, ఇంట్లో కూర్చునే చేయవచ్చు. దిద్దిన అధ్యాయాన్ని ముందు మా చూపులేని మిత్రులే స్క్రీన్ రీడర్‌తో విని, ఎక్కడ మాట అతకలేదో గుర్తించి చెబుతారు, ఆ తరువాతే దానిని అందరికీ పంచుతాం. సెమిస్టర్ తొలి వారానికి పుస్తకాలు వారి ఫోన్లలో ఉండాలి కనుక, రాదలచినవారు పరీక్షలు ముగిసిన వెంటనే మా విభాగానికి వచ్చి చెప్పండి.